లచ్చు మామకు ఎన్ని చదరపు అడుగులు

జూన్ 2, సోమవారం

హాలు పద్నాలుగు బై పన్నెండు, 168. మా గది పన్నెండు బై పది, 120. లోపలి గది పది బై తొమ్మిది, 90. మొత్తం 378. రెండడుగుల టైల్ ఒక్కోటి నాలుగు చదరపు అడుగులు. వేస్టేజ్ పది శాతం కలిపితే 104 టైల్స్, 26 డబ్బాలు. మళ్ళీ మళ్ళీ చేశాను, అదే వచ్చింది. అయినా నమ్మకం లేదు. కోంటా ఊళ్ళో టైల్స్ షాపులో మా అన్న భానుప్రకాష్ నవ్వాడు. నీ అనుమానానికి ఇంకో పది శాతం కలుపుకో చెల్లె అన్నాడు.

వానలు ముదిరేలోపు అత్త ఇర్మెను ఈ కొత్త ఇంట్లోకి తేవాలి. ఆమె గుడిసెకు సగం కప్పు లేదు. పోయిన వానల్లో మలేరియాతో చావు దాకా వెళ్ళొచ్చింది.

జూన్ 4

అత్త వచ్చింది. మా ఆయన కేసా టైల్ చూపించాడు. వేలితో రాసి చూసి, బాగుందన్నట్టే తలూపింది. తర్వాత నన్నడిగింది.

"నేలంత మూసేస్తే మీ మామ ఏడ కూసుంటడు బిడ్డా?"

లచ్చు మామ ఏప్రిల్‌లో పోయాడు. వీళ్ళ దోర్ల తెగలో పోయినవాళ్ళను మళ్ళీ ఇంట్లోకి పిలిచి, కుండ పెడతారు. కుండ మన్ను మీదే ఉండాలి. అది లేని ఇంట్లో పడుకోనంది.

జూన్ 5

సులువే అనుకున్నాను. లోపలి గదిలో ఒక మూల మూడు బై మూడు వదిలేస్తే 369. అత్తకు చెప్తే, మూల నువ్వెట్ల చెప్తవ్ అంది. చోటు ఆయనే చూపిస్తాడట. పిలిచిన రాత్రి ఇంటినిండా బియ్యప్పిండి చల్లి తలుపేస్తారు. పొద్దున గుర్తు ఎక్కడుంటే అక్కడ కుండ.

ఎక్కడ తీసేయాలో తెలియకుండా లెక్కెలా వేయను? ఎమ్మెస్సీ మ్యాథ్స్ నాది.

జూన్ 6

పిలిచేది పదమూడున అని మామ తమ్ముడు హడ్మా తేల్చాడు. మేస్త్రీ యేసుపాదం పన్నెండుకల్లా భద్రాచలం పోతాడు, మళ్ళీ దసరాకే. కేసా అన్నీ ఆపేద్దామన్నాడు. ఈ నేలలో వానాకాలమంతా తడి ఊరుతుంది, అత్త ఛాతీ తట్టుకోదు అని అరిచాను. చివరికి హాలు, మా గది మాత్రం వేయించడం, లోపలి గది మట్టిగానే వదలడం. మామ ఇంకెక్కడికి వస్తాడు, అక్కడికే.

ఇదేం తర్కమో నాకే తెలియదు.

జూన్ 11

రెండు గదులూ అయ్యాయి. మా గదికి ఒక్క ముక్క కోయలేదు. నిండుగా ముప్పై టైల్స్. ఉత్తి కాళ్ళతో నడిచి చూసుకుంటున్నాను.

జూన్ 12

వాన. అత్త గుడిసెలో దగ్గుతూ కూర్చుంది. రానంది.

జూన్ 14, ఉదయం

తలుపు తీయగానే అందరూ లోపలి గదికే వెళ్ళారు. పిండి చల్లింది చల్లినట్టే ఉంది. హాల్లోనూ అంతే. హడ్మా తల అడ్డంగా ఊపాడు. అత్త వెళ్ళిపోవడానికి తన మూట అందుకుంది.

మా గది ఇంకా ఎవరూ చూడలేదు. నేను వెళ్ళాను. అక్కడా ఏమీ లేదు. బయట అత్త దగ్గు. వంగాను. నాలుగు టైల్స్ కలిసే చోట చూపుడు వేలు ఆనించాను.

అప్పుడు పిలిచాను.

అత్త గుర్తును చూసింది. నా చేతిని చూసింది. నా వేలు పట్టుకుని చీర చెంగుతో తుడిచింది. హడ్మా వైపు తిరిగి అంది.

"ఈడనే ఉంటడంట. కోడలి కాడ."

జూన్ 15

నాలుగు టైల్స్ పగలగొట్టాం, మన్ను తగిలేదాకా. మొదటి దెబ్బ నాదే. అత్త హాల్లో పడుకుంది.

కుండ వైపు కాళ్ళు పెట్టలేక మంచం తిప్పి వేసుకున్నాను.