విగ్రహం మాదే!

కోర్టు గుమాస్తా హోసియా గైన్స్‌కి,

డ్రుసిల్లా పెటిగ్రూ రాయునది. నేను క్షేమం. నా క్షేమం కోసం నువ్వేమీ బెంగపెట్టుకోవని తెలుసు గానీ, పద్ధతి పద్ధతే.

కోర్టు ముందున్న మన దక్షిణాది సైనికుడి విగ్రహాన్ని పీకేస్తారట! బానిసల్ని ఉంచుకోవడానికే దక్షిణాది రాష్ట్రాలు ఉత్తరాదితో ఆ అంతర్యుద్ధం చేశాయని మీరంటారు. కాదు, మా ఆచారాలు కాపాడుకోవడానికి. వందేళ్ల కిందట మా నాయనమ్మా, వీరపుత్రికల సంఘం ఆడవాళ్లూ పీకాన్ పప్పుతో తీపి పైలు చేసి అమ్మి నిలబెట్టారు వాణ్ణి. విగ్రహం మాదే. మీ కౌంటీ సర్కారుది కాదు.

ఇట్లు,
సంఘాధ్యక్షురాలు

తా.క. సంఘంలో మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

---

మిస్ డ్రుసిల్లా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి పాత కాగితాలు తిరగేశాను. మీరన్నది అక్షరాలా నిజం. స్థలం కౌంటీది, విగ్రహం సంఘానిది. దాన్ని వేరేచోటికి పంపాలంటే మీ సంతకం కావాలి, మీకే తిరిగివ్వాలంటే అక్కర్లేదు. తొంభై ఒక్కేళ్ల మా అమ్మ ఒటీలియా ఒక్కసారైనా కోర్టుకి ముందు గుమ్మంలోంచి రావాలని కోరుకుంటోంది. వాడి తుపాకీ కింద నడవలేక అరవై ఏళ్లుగా వెనక గుమ్మంలోంచే వస్తోంది. కనుక మీ వస్తువు మీకు అప్పగించేస్తాం.

విధేయుడు,
హోసియా గైన్స్

తా.క. మీరు రాసిన ఆచారాల్లో మా ముత్తాత ఒకడు.

---

హోసియా,

దారికొచ్చావు, సంతోషం. అప్పగింత సభ ఘనంగా జరగాలి. బ్యాండు పెట్టించు. బంగాళదుంపల సలాడు నేను తెస్తాను. మీ అమ్మని కూడా రమ్మను, వెనక వరసలో కుర్చీ వేయిస్తాను.

ఇట్లు,
డ్రుసిల్లా పెటిగ్రూ

తా.క. నా ఉపన్యాసం నలభై నిమిషాలే.

---

మిస్ డ్రుసిల్లా గారికి,

సభ కాదండీ, లారీ. గురువారం పొద్దున వస్తుంది. మా కౌంటీవాళ్లు నిన్న మీ ఇంటి ముందు టేపు పెట్టి కొలిచారు. పీఠంతో కలిపి ఇరవై రెండడుగులు. అజేలియా పొదలు కొట్టేస్తే సరిగ్గా సరిపోతాడు. ముఖం మాత్రం మీ పడగ్గది కిటికీ వైపే ఉంటుంది.

విధేయుడు,
హోసియా గైన్స్

తా.క. సలాడు లారీవాళ్లకి ఇవ్వొచ్చు. నలుగురొస్తారు.

---

గౌరవనీయులైన మిస్టర్ గైన్స్ గారికి,

దయచేసి లారీని ఆపండి! కిటికీ తెరవగానే తుపాకీ పట్టుకుని ఒకడు నా వైపే చూస్తుంటే మనిషన్నది ఎలా బతుకుతుంది? అది నా ఇల్లండీ! సంఘం తరఫున ఇందుమూలంగా సంతకం చేస్తున్నాను. వాణ్ణి శ్మశానానికి పంపండి. అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పరు.

మీ శ్రేయోభిలాషి,
డ్రుసిల్లా పెటిగ్రూ

తా.క. తీర్మానం ఏకగ్రీవం.

---

మిస్ డ్రుసిల్లా గారికి,

మీ ఉత్తరం కౌంటీ కౌన్సిల్ సమావేశంలో, అమ్మ కూడా ఉండగా, చదివాను. "మనిషన్నది ఎలా బతుకుతుంది" అన్న చోట మా అమ్మ నన్ను ఆపింది.

"మళ్లీ చదవరా," అంది.

చదివాను.

"అరవై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదరా! ఆవిడ తలకెక్కడానికి ఒక్క టేపు సరిపోయింది," అని నవ్వింది. ఆ నవ్వుకి నాకు ఏడుపొచ్చింది.

గురువారం వాణ్ణి శ్మశానంలో దించేశారు.

విధేయుడు,
హోసియా గైన్స్

తా.క. అమ్మ నిన్న ముందు గుమ్మంలోంచే వచ్చింది. వెనకవైపు మూడు మెట్లే, ఇటు పంతొమ్మిది. పావుగంట పట్టింది. చెయ్యి పట్టుకోబోతే కసిరింది.