గిటారు సంచికి వల ముడి

బావా,

నువ్వు పోయి పదహారు నెలలైంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్క పలాస జీడి కార్ఖానాకి వెళ్తూనే ఉంది. నేను మందస బళ్ళోనే పాఠాలు చెప్పుకుంటున్నాను. సెలవు దొరికితే అక్క దగ్గరికి వస్తున్నాను. నీ గిటారు గురించి నీకొక సంగతి చెప్పాలి... ఆలస్యం చేశాను.

ఏడాదిపాటు దాన్ని నేను ముట్టుకోలేదు. సంవత్సరీకం అయ్యాక అక్కే సంచితో సహా నా చేతిలో పెట్టింది. బారసాలలకీ, కొత్త పడవ దింపేటప్పుడూ నిన్ను పిలిచినవాళ్ళే నన్నూ పిలిచారు. నువ్వు గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనప కడ్డీ జరిపితే సముద్రం హోరులో కూడా వినిపించేది. పలాస రైలు స్టేషన్లో ఆ బెంగాలీ గుమాస్తా నీకు నేర్పినదంతా నువ్వు నాకు నేర్పావు గాని, నా చేతికి నీ బలం రాలేదు. అందుకే మైకు పెట్టె కొందామనుకున్నాను. నువ్వు అనేవాడివి కదా... "ఊరికి సెప్పాలంటే కొమ్ము మైకురా మేస్టరూ. ఎదురుగా కూకున్నోడికి సెప్పాలంటే సిన్న పెట్టి సాలు." ఆ చిన్న పెట్టె కోసమే టెక్కలి వెళ్ళాను.

కొట్టులో రెండున్నాయి. పెద్దదాంట్లో గాజు వాల్వులు. దానికి కరెంటు కావాలి, వేడెక్కేదాకా ఆగాలి. మన ఊళ్ళో కరెంటేదీ? రెండోది ట్రాన్సిస్టరుది, బియ్యం డబ్బా అంత. కారు బ్యాటరీతో నడుస్తుంది. ఎత్తి చూశాను. అంత తేలిక... లోపల అసలేమైనా ఉందా? కొట్టాయన దానికి రేడియో తగిలించి వినిపించాడు. రేడియో ఎందులోనైనా బాగానే పాడుతుంది. అది తీసి నా గిటారు తగిలించమన్నాను. ఆయన మొహం మారింది. ఎందుకు మారింది? చివరికి గిటారు గుండ్రటి కన్నంలోకి వేళ్ళు దూర్చి, చెక్కకు లోపలివైపు మైకు బిళ్ళ అతికించాడు.

వాయించాను. గోనెసంచి కప్పినట్టు మొద్దుగా వచ్చింది. "కొత్తది గదా మేస్టారూ, నాలుగు రోజులు పోతే గొంతు ఇప్పుకుంటాది" అన్నాడు. నేను నమ్మలేదు. కాని దానికి రెండు నాబులున్నాయి. ఒకటి శబ్దం పెంచడానికి, ఇంకొకటి స్వరాన్ని సన్నం చేయడానికీ బొద్దు చేయడానికీ. ఆ రెండోదాన్ని చూసే తీసుకున్నాను.

మొదట పడవ దింపే చోట వాయించాను. నాకు వినపడాలని పెట్టెను నావైపు తిప్పి పెట్టుకున్నాను. ఒక్కసారి కీచుమని ఊళపెట్టింది. "ఓలమ్మా, పెట్టిలో నక్కుందేటి!" అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు. పెట్టెను నాకంటే ముందుకి జరిపి, దాని మొహం జనం వైపు తిప్పాను. ఊళ ఆగింది. మొద్దుతనం మాత్రం పోలేదు. ఎవరూ బాగాలేదనలేదు, బాగుందనీ అనలేదు. వెనకాల నిలబడి విన్న అక్క మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయింది.

కొట్టాయన పాత బిళ్ళ అంటగట్టాడని నాకు రూఢి అయిపోయింది. వారం తిరక్కుండా గిటారూ పెట్టే పట్టుకుని టెక్కలి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆయన గుడ్డలు చుట్టిన రెండు వేళ్ళు చూపించాడు. "మీకు నేనేటి అన్నాయం సేసినాను మేస్టారూ? గిటార్లో జీడి పోసి తెత్తారా?"

జీడిపిక్కల తొక్క నూనె తగిలితే లేచే పొక్కు ఎలా ఉంటుందో మన వైపు వాళ్ళకి ఒకరు చెప్పాలా? నేను ఆయన్ని అనుమానించాను, ఆయన నన్ను అనుమానించాడు. మరమ్మతుకొచ్చిన మాండొలిన్ ఒకటి తీసి నా పెట్టెకే తగిలించి మీటాడు. గంటలా మోగింది. టార్చిలైటు అడిగి తీసుకుని నీ గిటారు కన్నంలోంచి లోపలికి చూశాను. పడవ అడుగులా నల్లగా నిగనిగలాడుతోంది. జీడినూనె... ఇంకా సరిగ్గా ఆరలేదు కూడా.

ఎవరు చేశారు? బస్సులో వస్తూ ఊళ్ళో ఎవరెవరి మీదికో పోయింది నా మనసు. ఇంటికొచ్చి అక్కని ఏమీ ఎరగనట్టు అడిగాను. దాచలేదు. పొంగిపోతూ చెప్పింది.

"నానే పూసినాన్రా. కర్రకి గుడ్డ కట్టి రెండు పూతలేసినాను. పడవలకి పూత్తే ఎన్నేళ్ళుంటాయి? సెదలంటవు, ఉప్పుగాలంటదు. ఇది మాత్రం సెక్క గాదేటి? మీ బావ వస్తువొకటి నిలబడాల గదా!"

పలచటి చెక్క వణికితేనే నాదమనీ, పూత ఆ వణుకును నొక్కేస్తుందనీ ఆమెకెలా తెలుస్తుంది? నువ్వైతే ఏమనేవాడివి? "మంచి పని చేశావక్కా" అన్నాను.

అప్పుడా రెండో నాబు గుర్తొచ్చింది. పెట్టెను బల్ల మీద పెట్టి, శబ్దం తగ్గించి, ఆ నాబును సన్నం వైపు దాదాపు చివరికంటా తిప్పాను. కడ్డీని తేలిగ్గా జరిపాను. అచ్చం నీది కాదు... కాని నీ పక్కింటి గొంతు. అక్క చేట కింద పెట్టేసింది. "ఇదిరా... ఇది మీ బావది" అంది.

ఆ రోజు నుంచి పెట్టె లేకుండా ఆమె ముందు వాయించలేదు. "ఇద్దరమే గదరా, ఇంట్లో ఆ పెట్టెందుకు?" అని ఒకసారి అడిగింది. చెయ్యి అలవాటు తప్పకూడదని అబద్ధం చెప్పాను. అడిగినప్పుడు ఆమె చూసిన చూపు నాకు నచ్చలేదు.

పోయిన నెలలో బ్యాటరీ అయిపోయింది. వేలు నొప్పని చెప్పి, గిటారు సంచికి ఎప్పట్లాగే జారుముడి వేసి మందస వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చేసరికి బ్యాటరీ నిండా ఛార్జింగుతో గుమ్మం పక్కనుంది. అంత బరువు బస్సులో వేసుకుని తనే పలాస తీసుకెళ్ళిందట. నేను పంపమనలేదు. బ్యాటరీ అయిపోయిందని కూడా చెప్పలేదు.

గిటారు సంచి అందుకున్నాను. మూతికి జారుముడి లేదు. అక్క వలలకి వేసే వల ముడి ఉంది.

దుమ్ము దులపడానికి విప్పిందా? తీగ మీటిందా? పెట్టె లేకుండా ఆ చెక్క ఎలా పలుకుతుందో వినేసిందా? అక్క వెనక్కి తిరిగి పొయ్యి ఊదుకుంటోంది. వల ముడి విప్పి, మైకు తీగ పెట్టెకి తగిలించి వాయించాను. అయ్యాక మళ్ళీ వల ముడే వేశాను. నాకది వెయ్యడం సరిగ్గా రాదు, అయినా వేశాను.

ఇక మీద బ్యాటరీ నేనే మోస్తాను బావా. ఆమె చేత మోయించను.

నీ మేస్టరు