మామయ్య విదేశాంగ విధానం

పూజ్యులైన మామయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

ఇక్కడ పార్టీ ఆఫీసంతా హడావుడిగా ఉంది. ఆదివారం అధ్యక్షులవారు మీ ఊళ్ళో సభకు వస్తున్నారు. మీ ఉపన్యాసం నచ్చితే ఈసారి ఎన్నికల టికెట్ మీదే. ఒక్క సంగతి. పొరుగు దేశం మీద దండెత్తాలని మన సంప్రదాయ పక్షం ఇన్నాళ్ళూ అంటూ వచ్చింది కదా, ఇప్పుడు మానేసింది. 'పరాయి తగువులు మనకెందుకు, మన ఇల్లు మనం చక్కబెట్టుకుందాం' అన్నదే కొత్త మాట. ఉపన్యాసం నేనే రాసి జతపరిచాను.

మీ మేనల్లుడు

తా.క.: ఇది కొత్త మాటని ఎవరితోనూ అనకండి. మొదటినుంచీ మనం అన్నదే ఇది.

---

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చూశాక నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. కొట్లో కుట్టుమిషను తొక్కుతూ ఉపన్యాసం బట్టీ పట్టేశాను. ఇప్పుడు మిషను తిరిగితే చాలు, నోట్లోంచి శాంతి దానంతటదే వస్తోంది. నిన్న మన కాంపౌండరు వచ్చి "యుద్ధం ఎప్పుడన్నయ్యా?" అన్నాడు. పార్టీ ద్రోహి అని, ఊరి శాఖ కార్యదర్శి హోదాలో అక్కడికక్కడే సభ్యత్వం పీకేశాను.

మీ మామయ్య

తా.క.: నిరుడు వాడిచేత యుద్ధ నినాదాలు చెప్పించింది మీరే కదా అంటోంది మీ అత్తయ్య. ఆవిడ సభ్యత్వం పీకడానికి నియమాలు ఒప్పుకుంటాయా?

---

మామయ్యకు నమస్కారాలు.

కొంప మునిగింది. నిన్న కార్యవర్గంలో కుర్చీలు గాల్లోకి లేచాయి. కుర్రకారు శాంతి అన్నారు, పెద్దలు యుద్ధం అన్నారు. చివరికి పెద్దలదే పైచేయి. మళ్ళీ దండయాత్రే. పాత ఉపన్యాసం చింపేసి, దీంతో పంపేది చదవండి. కాంపౌండరును ఎలాగైనా బతిమాలి వెనక్కి తెచ్చుకోండి.

మీ మేనల్లుడు

తా.క.: అత్తయ్య జోలికి మాత్రం వెళ్ళకండి.

---

అల్లుడూ, ఆశీస్సులు.

నీ ఉత్తరం సభకు బయల్దేరుతుంటే అందింది. మైకు ముందు నిలబడగానే నోరు అలవాటు కొద్దీ శాంతి అందుకుంది. సగంలో నీ మాట గుర్తొచ్చి, అదే ఊపులో దండయాత్రకు మళ్ళాను. మొదటి సగానికి కుర్రకారు, రెండో సగానికి పెద్దలు చప్పట్లు కొట్టారు. టికెట్ మాత్రం నేను సభ్యత్వం పీకేసిన కాంపౌండరుకే ఇచ్చారు. వాడు ఎప్పుడూ ఒకే మాట మీదున్నాడట. అంతలో అధ్యక్షులవారు నన్ను పక్కకు పిలిచి, "రెండు మాటలూ చెమట పట్టకుండా ఒకే గుక్కలో చెప్పేవాడి కోసమే వెతుకుతున్నామండీ" అన్నారు. నేనిప్పుడు పార్టీ విదేశాంగ ప్రతినిధిని. ఆనందం పట్టలేకపోతున్నాను. రేపట్నుంచి మన విధానం నేను చెప్తాను, నువ్వు రాసుకో.

మీ మామయ్య

తా.క.: ఆ పొరుగు దేశం మనకు ఏ దిక్కున ఉందో వెంటనే రాయి. మీ అత్తయ్యను అడగడం నాకిష్టం లేదు.