దూలం మీది వెదురు కర్ర

నాయనా,

ఈ ఏడు ఇప్పపువ్వు ఏరేటప్పుడు అమ్మ గంపలో పువ్వుకన్నా ఎండుటాకులే ఎక్కువ కనిపించాయి. నువ్వున్న చివరి ఏడు నీ గంపా అట్లాగే ఉండేది. చూపు ఆనడం లేదా అని అడిగితే నవ్వి ఊరుకున్నావు. తర్వాత వాగు గట్టున జారి తుంటి విరిగితే మంచం మీద మోసుకొచ్చాం. మళ్లీ లేవలేదు. అందుకే ఈసారి ఆగకుండా అమ్మను భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయాను.

షుగర్ వల్ల కంటి లోపలి పొర చెడిందని చెప్పి, డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. "షుగర్ కంటిదాకా వచ్చినోళ్లకు ఎముకలు గూడ గుల్లబారే భయముంటది. చూపు ఆనక పడితే విరుగుతయి. ఆ పరీక్ష గూడ చేద్దాం," అన్నది. నీ తుంటి గుర్తొచ్చి వెంటనే చేయమన్నాను.

అమ్మ ఎముకలు కొంచెం పలచబడ్డాయట, అంతే. మందులు సరిపోతాయట. చూపు ఇంకా తగ్గకుండా కంటికి లేజర్ చేశారు.

ఇంటికి రాగానే, ముసలోడంటారని నువ్వు ఊతకు ముట్టని వెదురు కర్రను అమ్మ దూలం మీంచి దింపమన్నది.

"మీ నాయన సిగ్గుపడ్డడు. నాకేం సిగ్గు?"

ఇవాళ ఆ కర్ర పట్టుకుని, ఎప్పటిలా చీకట్లో కాకుండా బాగా తెల్లారాకే ఇప్పచెట్టు కిందికి పోయింది. గంపలో ఆకులు ఇంకా ఉన్నాయి నాయనా, నేను ఏరేస్తున్నాను. అమ్మ మాత్రం తన కాళ్ల మీదే నడిచి ఇంటికొచ్చింది.