కృష్ణ అవతల నాలుగంతస్తులు

అత్తయ్యా, నేనే... మాణిక్యాన్ని.

మీరు వెళ్ళిపోయి ఏడాది మీద మూడు నెలలైంది. సంవత్సరీకం మీ అబ్బాయి ఏ లోటూ రాకుండా జరిపించారు. మామయ్య రోజూ బట్టల కొట్టుకు వెళ్తున్నారు. కంట్రోలు ధరకిచ్చే బట్ట కోసం ఎగబడే జనం మీద కేకలు వేస్తున్నారు కాబట్టి ఆరోగ్యానికి ఢోకా లేదు. ఈ కబుర్లకేం, తీరిగ్గా చెబుతాను. ముందు అసలు సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

అత్తయ్యా, మేం ఉండవల్లి చూసొచ్చాం!

డాబా మీద వడియాలు పెడుతూ మీరు ఎన్నిసార్లు అటువైపు చూసి ఉంటారు... "అవతల కొండను తొలిచి నాలుగంతస్తుల మేడ చేశారటే. లోపల దేవుడు పడుకుని ఉంటాడట" అనేవారు. మీకా మాట చెప్పింది పెరుగు నాగరత్నం. ఆమెది ఆ ఊరే కదా, పొద్దున్నే పడవలో పెరుగు కుండలు తెచ్చి మన వీధిలో అమ్ముకుని పోతుంది. మామయ్య నవ్వేసేవారు. పెరుగమ్మే మనిషి మాట పట్టుకుని కొండలో మేడలేమిటని కొట్టిపారేసేవారు. ఆయన కాశీ చూశారు, మద్రాసు చూశారు. "మన వీధిలో కాశీకి పోయొచ్చినవాళ్ళున్నారు గానీ కృష్ణ దాటి ఉండవల్లి పోయినవాళ్ళు ఒక్కళ్ళూ లేరే" అని మీరు నా చెవిలో అని నవ్వేవారు. ఆ నవ్వు వెనక ఎంత కోరిక ఉందో నాకు అప్పుడు తెలియలేదు...

తొమ్మిదేళ్ళ పిల్లగా పెడన నుంచి ఈ ఇంటికి వచ్చారు. అక్కడి మగ్గాల చప్పుడు వదిలి వచ్చి నలభై ఏళ్ళున్నారు. ఇల్లు, స్నానాల రేవు, అమ్మవారి కొండ... బెజవాడలో మీరు చూసింది ఇంతే. చివరి జ్వరంలో, మామయ్య కాశీ నుంచి తెచ్చిన గంగ మీ నోట్లో పోయబోతే మీరేం అడిగారో గుర్తుందా? "అవతలికి పడవ ఎన్నింటికే, మాణిక్యం?"

అందరూ జ్వరం సంధిలో ప్రేలాపన అనుకున్నారు. నేను అనుకోలేదు.

కార్తీకం రాగానే మామయ్యతో చెప్పాను. అడగలేదు అత్తయ్యా, చెప్పాను. తలుపు వెనక నుంచే అనుకోండి... వీధిలో ఆడవాళ్ళం వనభోజనాలకు ఉండవల్లి వెళ్తున్నామన్నాను. మగవాళ్ళెవరికీ తీరిక లేదన్నారు. "మేమే వెళ్తామండీ" అన్నాను. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మీ అబ్బాయి తల ఎత్తకుండా అన్నం తిన్నారు గానీ వద్దనలేదు. ఆయన నుంచి అంతకంటే ఏం ఆశిస్తాం, చెప్పండి?

మొదట ఇద్దరే వస్తామన్నారు. బయలుదేరే నాటికి పదకొండు మందిమయ్యాం! మీ ఆడబిడ్డ శేషమ్మ పిన్ని మాత్రం మొండికేసింది. "శుభమా అని వెళ్తుంటే తెల్లచీరతో నేనెందుకే ఎదురు" అంది. పదహారేళ్ళకే మొగుడు పోయినప్పటి నుంచీ ఎవరికీ ఎదురుపడకుండా గోడ వారగా నడుస్తున్న మనిషి... మీరుంటే ఏమనేవారో నాకు తోచలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

రేవులో పడవవాడు అడ్డం తిరిగాడు. "మగదిక్కు లేకుండా ఇంతమంది ఆడోళ్ళని ఎక్కించుకోనమ్మా. ఏదన్నా అయితే మీ ఇళ్ళోళ్ళు నన్ను తంతారు" అన్నాడు. అందరి ముఖాలూ వాడిపోయాయి. ఇద్దరు వెనక్కి తిరిగారు కూడా. ఇక ఇంతేనా అనుకున్నాను... అప్పుడు పెరుగు అమ్ముకుని ఖాళీ కుండలతో నాగరత్నం రేవు మెట్లు దిగి వచ్చింది. సంగతి విని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఏరా, రోజూ నన్ను ఎక్కించుకుంటన్నావుగా! నేను మగోడినా?"

రేవంతా గొల్లుమంది. వాడికీ నవ్వాగలేదు. పడవ తాడు విప్పాడు. శేషమ్మ పిన్నిని అందరికంటే ముందు ఎక్కించి ముందు పలక మీద కూర్చోబెట్టాను.

నది మధ్యకు వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. కొండ, కొండ కింద మెట్లు, తడిబట్టలు ఆరేసిన రేవులు, ఆనకట్ట మీద నీళ్ళ హోరు, ఆ పక్క రైలు వంతెన... ఇంత బాగుంటుందా అత్తయ్యా మన ఊరు? పెళ్ళయి పన్నెండేళ్ళు దానిలోపలే ఉండి, దాని ముఖం ఇప్పుడు చూశాను.

పొలాల గట్ల మీద నాగరత్నం ముందు నడిచింది. మలుపు తిరగ్గానే కనపడింది. మీరు చెప్పినట్టే... కొండంతా స్తంభాలు, గుమ్మాలు. ఇరుకు మెట్లు, గబ్బిలాల కంపు. ముందు ఎవరు వెళ్తారని అందరూ ఒకరినొకరు చూసుకుంటుంటే శేషమ్మ పిన్ని కొంగు బిగించి ఎక్కేసింది! మూడో అంతస్తులో చీకట్లో దేవుడు పడుకుని ఉన్నాడు, ముగ్గురు మనుషులంత పొడవు. ఆమె ఆయన పాదాల మీద తల పెట్టి చాలాసేపు లేవలేదు. లేచాక బయటి వసారాలోకి వచ్చి, ఎండలో పొలాలు చూస్తూ పకపకా నవ్వింది. ఆమె నవ్వు నేనెప్పుడూ వినలేదు. మీరు విన్నారా?

"మా వదినని పిలవండే" అంది.

పదకొండు మందిమీ ఒక్కసారే పిలిచాం. "సుందరమ్మా!" అని, కొండ మారుమోగేలా. మీ పేరు నోటితో పలకడం నాకదే మొదలు. తప్పయితే క్షమించండి... వినిపించిందా?

ఉసిరి చెట్టు కింద పులిహోర తిని, పొద్దు వాలకముందే పడవెక్కాం. రేవులో మగవాళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు మామయ్య.

"ఎన్ని అంతస్తులు?" అన్నారు.

"నాలుగండీ."

"దేవుడు?"

"పడుకునే ఉన్నాడండీ."

కాసేపు నీళ్ళకేసి చూశారు. పక్కనున్న కొట్టాయనతో, "మా ఆవిడ చెప్పింది నిజమేనయ్యా" అన్నారు. నా చేతిలోని పులిహోర గిన్నె అందుకుని ఇంటిదారి పట్టారు.

ఆ తరువాత ఆదివారం మొగల్రాజపురం గుహలకు వెళ్ళాం, పధ్నాలుగు మందిమి. దాని తరువాత బందరు కాలువ లాకులకు. తలుపులు మూసి నీళ్ళు వదిలితే ధాన్యం పడవ కళ్ళముందే మెల్లగా పైకి లేస్తుంది, తెలుసా! ఊళ్ళో ఉండి ఎన్నడూ చూడలేదు. ఈసారి గవర్నర్‌పేట నుంచి రూతమ్మ టీచరుగారు కూడా వస్తానని కబురు పంపారు. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు ఎనిమిది మందట. రమ్మన్నాను.

వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒకరు అడుగుతున్నారు, "మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారమ్మా?" అని. నేను మీ పేరే చెబుతున్నాను, గట్టిగా. నా కాళ్ళలో ఓపిక ఉన్నన్నాళ్ళూ అదే పేరు చెబుతాను అత్తయ్యా. ఇది నా మాట.

మీ కోడలు,
మాణిక్యం