నాలుగో షరతు

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ నేను, మీ ఆవిడ, పాప, ముగ్గురం బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. ఆ మాట రాసేటప్పుడు ఈసారి కలం కాస్త ఆగింది. ఎందుకో చివర్లో చెబుతాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. మరదలి పన్ను తీయించాం. రెండు రోజులు నోరు మెదపలేదు. ఇల్లు ఇల్లులా లేదు. మూడో రోజు మూడు రోజుల మాటలూ కలిపి మాట్లాడింది. వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది. మేస్త్రీ వచ్చి, పైకి చూసి, తల ఊపి వెళ్ళాడు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చి మళ్ళీ ఊపాడు. పాపకు ఈత నేర్పించమన్నావు. కొలను దగ్గరికి తీసుకెళ్తే మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నాన్న ఓడ మీద ఉంటారు కదా, నీళ్ళలో ఉండరు కదా. మరి నాకెందుకత్తా?" అంది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "మా ఓడ సర్టిఫికెట్ గురించి మీ ఆఫీసులో ఎవరైనా ఏమైనా అడిగారా అక్కా?" అని రాశావు. అదే ప్రశ్న సంతకం కింద ఇరికించి ఇంకోసారి రాశావు. పద్దెనిమిదేళ్ళుగా ఓడల మీద ఉన్నావు. ఇన్నేళ్ళలో నా ఆఫీసు గురించి నువ్వడిగింది ఒక్కటే, "ఇంకా ఆ విరిగిన కుర్చీలోనే కూర్చుంటున్నావా" అని. ఉత్తరం పైకి చదివితే మరదలు కూడా, "ఏంటి వదినా, ఈయనకి నా పన్ను కన్నా మీ ఆఫీసు మీద బెంగెక్కువైంది?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

అడిగావు కాబట్టి చెబుతాను. అసలు ఆఫీసులో ఏం జరిగిందో నీకు మొదటి నుంచీ తెలియాలి.

ఒక ఓడ సముద్రంలోకి వెళ్ళడానికి తగినదా కాదా అని చెప్పే అధికారం ప్రభుత్వానిది. మంత్రిగారు దాన్ని మా డైరెక్టరుగారికి అప్పగించారు. ఓడలు ఎక్కువై, చూసే మనుషులు తక్కువై, డైరెక్టరుగారు తనిఖీ పనిని రెండేళ్ళ క్రితం బయటి సంస్థ ఒకదానికి అప్పగించారు. ఆ ఉత్తర్వు టైపు చేయించి, అక్షరం అక్షరం సరిచూసింది నేనే. అందులో నాలుగో షరతు నాకు కంఠతా వచ్చు. అధికారం పుచ్చుకున్నవాడు దాన్ని ఇంకొకరికి అప్పగించకూడదు. ఓడ ఎక్కవలసింది అతనే, చూడవలసింది అతనే, రాయవలసింది అతనే.

ఆ రోజు మా రికార్డు గది పెద్దాయన ఫైలుకి దారం కడుతూ, "చేతులు మారుతూ పోతోందమ్మా ఈ అధికారం. ఇలాగే పోతే రేపు ఓడ తన్ను తానే తనిఖీ చేసుకుని మనకి ఉత్తరం రాస్తుంది" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ సంస్థ తరఫున ఓడలు తనిఖీ చేయడానికి వచ్చే సర్వేయరు నీకు తెలుసు. మా ఆఫీసులో ఆయన్ని బూట్లాయన అంటారు. చూస్తే మన ముఖం కనిపించేంత మెరుపు. నాకు మొదట అనుమానం పుట్టింది ఆ బూట్ల దగ్గరే. నువ్వు సెలవులో ఇంటికి వస్తే నీ బూట్లు గుమ్మం బయటే విప్పిస్తాను. నూనె, తుప్పు, ఉప్పు. పొద్దుటి నుంచీ మూడు ఓడలు ఎక్కి దిగానని చెప్పే మనిషి బూట్ల మీద ఒక్క మరక లేదు. "మీరు ఎలా నడుస్తారండీ?" అని ఒకసారి అడిగాను. "అలవాటమ్మా" అన్నాడు. ఏది అలవాటో చెప్పలేదు.

నీ ఓడ నివేదికలో, పదిహేడో తేదీ పొద్దున పది గంటలకు లైఫ్ బోటును నీళ్ళలోకి దించి, కొక్కేలు విడిచి చూశామని, అన్నీ సవ్యంగా ఉన్నాయని ఉంది. ఆ తేదీ నన్ను గుచ్చుతూనే ఉంది. మొన్న రేవు వాళ్ళ ఆదేశాల ఫైలు తీయించి చూశాను. పదిహేడున గాలి హెచ్చరిక. తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం దాకా ఏ ఓడా బోటు దించకూడదని ఆదేశం. దాని నకలు మా ఆఫీసుకు వచ్చింది. వచ్చినట్టు సంతకం పెట్టింది కూడా నేనే.

ఆ ఫైలు నేను ఊరికే తీయించలేదు. పోయిన శుక్రవారం, మీ యజమానిదే ఇంకో ఓడలో, ఆ నెలలో మీ పక్కనే కట్టి ఉన్నదానిలో, డ్రిల్లు చేస్తుండగా లైఫ్ బోటు కొక్కెం దానంతటది ఊడి, బోటు నీళ్ళ మీద పడింది. బోటులో ఇద్దరున్నారు. ఒకాయన చెయ్యి విరిగింది. రెండో ఆయన, వంటవాడు, నడుం విరిగి మంచం మీద ఉన్నాడు. లేచి నడుస్తాడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. దాని సర్టిఫికెట్ కూడా బూట్లాయన సంతకంతోనే వెళ్ళింది. "పరికరం బాగానే ఉంది, సిబ్బంది పొరపాటు" అని ఆయన రాసిచ్చాడు. డైరెక్టరుగారు, "మనకి ఇంతకన్నా ఏం కావాలమ్మా, మూసేద్దాం" అన్నారు.

మూసేముందు ఆ ఓడ నివేదిక, నేను సెలవులో ఉండగా వెళ్ళిపోయినది, మొదటిసారి నా బల్ల మీదికి వచ్చింది. అట్ట విప్పకముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి ఒక్కటే కోరాను. ఇది మా తమ్ముడి రాత కాకూడదని.

అర్థమైందా? ఇంతవరకు దాచిన మాట ఇదే.

నీ ఓడ నివేదికలో సంతకం బూట్లాయనది. రాత నీది. నాన్న పోయాక నీ చేత అంకెలు దిద్దించింది నేను. ఏడుకి మధ్యలో గీత పెట్టడం, ఆ గీత చివర కాస్త కిందికి వంచడం, నా దగ్గర నేర్చుకున్నావు. ఇంకెవరైనా పోల్చుకోలేరేమో. నేను మొదటి పేజీలోనే పోల్చుకున్నాను. ఇప్పుడు కాదు. ఆ కాగితం మొదటిసారి నా చేతికి వచ్చిన రోజే.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ ఉత్తర్వులోనూ లేదు, ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. నేను చదివి మూలన ఆకుపచ్చ సిరాతో టిక్కు పెడతాను. అది కనిపిస్తే డైరెక్టరుగారు చదవకుండా సంతకం చేస్తారు. "మీ టిక్కుంటే నాకు కళ్ళజోడు అక్కర్లేదమ్మా" అంటారు. ఎవరూ ఇవ్వని అధికారం అలా నా చేతిలో ఉండిపోయింది. నీ రాత చూశాను. చూసి టిక్కు పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, చీఫ్ ఆఫీసరువై అప్పటికి నీకు రెండు నెలలు కూడా కాలేదు. సర్వేయరు చెబుతుంటే నువ్వు రాసి ఉంటావని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత నా అనుమానమంతా ఆయన బూట్ల మీద పెట్టుకుని తిరిగాను. అది సుఖంగా ఉంది. ఆయన ఓడ ఎక్కాడా లేదా అని వంద రకాలుగా ఆలోచించాను. నువ్వు బోటు దించావా లేదా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గాలి హెచ్చరిక చూశాక ఇక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

ఆ రెండో ఓడ నివేదిక నీ రాత కాదు. గుండ్రటి అక్షరాలు, ఎవరివో. బూట్లాయనవి మాత్రం కావు. ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక మనిషి నడుం విరిగి పడి ఉంటే నేను దేవుణ్ణి అడిగింది ఇదా? ఆ ఓడలో కూడా నీలాంటి ఆఫీసరు ఒకడు కూర్చుని, చూడనిదాన్ని చూశానని రాసి ఉంటాడు. వాళ్ళింట్లో కూడా ఎవరో ఆ రాతను పోల్చుకోగలవాళ్ళు ఉంటారు.

నిన్న నోటు రాశాను. రెండు నివేదికలు, రేవు ఆదేశం నకలు, నాలుగో షరతు, నీ పేరు, నువ్వు నాకేమవుతావో, నేను తెలిసీ టిక్కు పెట్టానన్న సంగతి. అన్నీ ఒకటిన్నర పేజీలో సరిపోయాయి. పొద్దున డైరెక్టరుగారి బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాను. ఆయన అలవాటుగా మూలకు చూశారు.

"టిక్కు లేదేంటమ్మా?"

"చదవాలి సార్."

"మీరే చెప్పండి, ఏముంది ఇందులో?"

"చెబితే కుదరదు సార్. మీరే చదవాలి."

కళ్ళజోడు కోసం రెండు సొరుగులు వెతికారు. చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. "నాలుగేళ్ళలో రిటైరయ్యేదానివి. ఇది నీ మీద నువ్వే రాసుకున్నావా?" అన్నారు. ఇన్నేళ్ళలో నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. కోపమో, జాలో తెలియలేదు. "రేపటి నుంచి ఆఫీసుకు రావద్దు, విచారణ అయ్యేదాకా" అన్నారు. అని, నా ముందే మీ ఓడను ఆపే ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఆ అధికారం మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు.

బోటు వాడవద్దని, డ్రిల్లుకైనా మనిషిని ఎక్కించవద్దని మీ కెప్టెన్‌గారికి మధ్యాహ్నమే సందేశం వెళ్ళింది. అందులో కారణం లేదు, నీ పేరూ లేదు. వచ్చే రేవులో మా వాళ్ళు ఓడ ఎక్కుతారు. ఈ ఉత్తరం ఏజెంటు సంచిలో వాళ్ళకన్నా ఒక పూట ముందు నీకు అందుతుంది. ఓడలో ఫోను కెప్టెన్‌గారి గదిలో ఉంటుంది కాబట్టి ఫోను చేయలేదు. ఆయన ముందు నిన్ను నిలదీయడం నాకు ఇష్టం లేదు.

మరదలికి చెప్పాను. పాపకు జడ వేయడం పూర్తి చేసింది. తర్వాత, "మీరెందుకు చెప్పారు వదినా అని నేను అడగను. ఆయనెందుకు రాశారో మాత్రం ఆయన నోటితోనే వినాలి" అంది. ఇంట్లో ఇప్పుడు రెండు జీతాలూ పోయేలా ఉన్నాయి. దానికి ఆమె, "కప్పు ఎలాగూ కారుతూనే ఉందిగా, కూర్చుని చూద్దాం" అంది. మేము బతుకుతాం. ఆ బెంగ పెట్టుకోకు.

నిన్ను ఎవరు బలవంతపెట్టారో, ఏ ఆశ పెట్టారో నాకు తెలియదు. ఇంతకుముందు కూడా ఇలా రాశావా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. నువ్వు చెప్పేదాకా వదలదు. మీ ఓడలో ఇరవై ముగ్గురు. ఇన్నాళ్ళూ నీ ఒక్కడి కోసమే చేతులు జోడించాను. అది కూడా తప్పే.

మా వాళ్ళు ఎక్కగానే, ఈ నివేదిక ఎవరు రాశారని ముందు కెప్టెన్‌గారిని అడుగుతారు. ఆయన నీ వైపు చూడవలసిన అవసరం రానివ్వకు.

ఇట్లు,
ఎలా వచ్చినా నీకు తలుపు తీసే
పెద్దక్క