సుధ ఎక్కబోయే గంటల గోపురం

హూరా (గల్ఫ్‌లో అల్లుడి ఇల్లు), బుధవారం, 1996

నిన్న ఈ డైరీలో రాసుకున్నది తప్పు. సుధ మరమ్మతు చూస్తున్న ఆ ఇంగ్లండు పల్లె చర్చి ఒకేసారి కట్టింది కాదట. గుండ్రటి కమానుల హాలు ముందుది. గంటల గోపురాన్ని రెండు మూడు వందల ఏళ్ల తరవాత, సరైన పునాదైనా లేకుండా దానికి ఆనించారు. ఇప్పుడు రెండింటి మధ్యా చెయ్యి పట్టేంత బీట. దాన్ని కొలవడానికి రేపు పైకెక్కేది నా మనవరాలు.

"ఆరు వందల ఏళ్లుగా నిలబడే ఉంది అమ్మమ్మా!" అంది సాయంత్రం ఫోన్లో.

"అంటే బాగా అలిసిపోయిందన్నమాట. నేను డెబ్బైకే కూలబడుతున్నాను."

నవ్వింది. "రేపు ఎక్కి దిగాక చేస్తాలే" అంటుండగా నేను తుమ్మాను. ఒక్కటే తుమ్ము. వెంటనే రెండోది వస్తే దోషం పోయేది. రాలేదు. లైను తెగింది.

చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, తుమ్ముకు భయపడటమేమిటి? కళ్లు మూస్తే రాళ్లు జారుతున్న చప్పుడు. ఆ గోడల లోపలంతా ఉత్త కంకరేనట...

పొద్దున్నే కింద మలయాళీ కొట్టు నుంచి ఫోన్ కార్డూ నశ్యం డబ్బా తెమ్మని అల్లుడికి చెప్పాలి. నశ్యం దేనికని అడిగితే జలుబనాలి. సుధ ఇల్లు కదలకముందే ఆ రెండో తుమ్ము దాని చెవిన పడాలి.